నీళ్లాఫీసు ఆవిడ అద్దె ఇల్లు

బడులు తెరిచేదాకా గడువిచ్చారు మా బావగారు. ఆలోపు కొత్త ఊళ్లో ఇల్లు కుదిరి, ఆయన తల్లికీ మా పిల్లకీ అక్కడ పడితే సరే. పడకపోతే వాళ్లిద్దరూ ఆయన ఇంటికి వెళ్లిపోవాలి, మా ఆయన అటూ ఇటూ తిరగాలి, నేను ఒక్కదాన్నే గది తీసుకుని ఉద్యోగం చేసుకోవాలి. ఇదంతా మా ఇంట్లో, మా కుర్చీలో కూర్చుని, నేను పెట్టిన టీ తాగుతూ చెప్పారు.

"ఎక్కడైనా మగాడి ఉద్యోగం వెనకాల ఇల్లు కదులుతుంది గానీ..." అని సగంలో ఆపి తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు, అంటే మా ఆయన, నోట్లో నాలుక లేని మనిషి. దర్జీ పని. అప్పుడు కూడా ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతూ తల దించుకునే ఉన్నాడు.

"ఇన్నేళ్లూ నా ఉద్యోగం ఈ ఇంట్లో అందరికీ పనికొచ్చింది బావగారూ. ఊరు మారేసరికి అది నా ఒక్కదానిదీ అయిపోయిందా?" అన్నాను.

నాకు ముక్కు మీద కోపం అని ఆయన అందరికీ చెబుతారు. నిజమే. కానీ ఆ రోజు అది ముక్కు దగ్గర ఆగలేదు, నెత్తికెక్కింది. పదిహేడేళ్లు నీళ్లాఫీసులో పనిచేశాను. భూమి లోపల పైపు ఎక్కడ కారుతోందో చెవితో విని చెప్పడం నా పని. వీధిలో వాల్వు మీద ఒక ఇనుప కడ్డీ ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని వింటాం. పగిలిన చోట నీళ్లు సన్నగా బుసకొడతాయి. ఆ బుస ఏ దిక్కు నుంచి వస్తోందో, ఎంత లోతులో ఉందో తెలియడానికి పదేళ్లు పడుతుంది. అది తెలిసినందుకే నన్ను లీకుల జట్టుకు పెద్దను చేసి, మా ఊరికి ఐదింతలున్న ఊరికి వేశారు. అంతకుముందు ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోలేదు. దాన్ని వదులుకుని ఇంట్లో ముడుచుకోవాలా, లేక ఇంటినే వదులుకోవాలా అని అడుగుతున్నారు బావగారు. రెండూ వదలను అని నేను ఆ రోజే అనుకున్నాను.

మా అత్తయ్య అప్పటిదాకా గోడకానుకుని వింటోంది. ఆవిడ ముప్ఫై ఏళ్లు బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చున్న మనిషి. ఎవరు ఎంత గట్టిగా అరిచినా తన వంతు వచ్చేదాకా మాట్లాడదు.

"నన్ను అడక్కుండా నన్ను పంచుకోకండి" అంది. "వెళ్తాను. ఉండి చూస్తాను. పడకపోతే నేనే చెబుతాను. గడుగ్గాయి నాతో పాటే."

గడుగ్గాయి అంటే మా పదేళ్ల పిల్ల. ఆ పేరు ఆవిడ పెట్టిందే.

*

కొత్త ఊళ్లో మా ఆఫీసు ఇంజనీరుగారు నాకు మొదటిరోజే సలహా చెప్పారు. "మన స్టాఫ్ అంతా గేటు కాలనీలో ఉంటారమ్మా. దూరమే, గంట ప్రయాణం. అయినా ప్రశాంతంగా ఉంటుంది. పంపుహౌస్ వెనక పాతపేట దగ్గరే, అద్దెలూ తక్కువే. అటు మాత్రం పోకండి. నీళ్లాఫీసు వాళ్లు అక్కడుంటే బతకనివ్వరు. బకెట్లు పట్టుకుని గుమ్మం ముందు కూర్చుంటారు."

నాకు ఎవరైనా పోవద్దు అంటే పోయి చూసే అలవాటు. అందుకని రెండు చోట్లా నా పద్ధతిలో నేను చూసుకున్నాను. అందరూ ఇల్లు చూడాలంటే గదులూ కిటికీలూ చూస్తారు. నేను తెల్లవారుతుండగా, ఎవరూ కుళాయి తిప్పకముందు, వీధిలో వాల్వు మూతలు తీసి కడ్డీ పెట్టి విన్నాను. పాతపేటలో ఇరవై వాల్వులు వింటే పదిహేడు బుసకొట్టాయి. దానికి తోడు ఆ వేళకే ఎవరో దగ్గుతున్నారు, ఎవరో షట్టరు లేపుతున్నారు, ఎవరో ఎవర్నో నిద్ర లేవమని తిడుతున్నారు. గేటు కాలనీలో నలభై వాల్వులు విన్నాను. ఒక్కటీ పలకలేదు. పైపులు వేసి నాలుగేళ్లే అయిందట. పైపు మీద చెవి పెడితే నా గుండె చప్పుడే నాకు వినపడింది. అంత మంచి వీధిని నా సర్వీసులో చూడలేదు.

ఆ ఉదయమే అడ్వాన్సు ఇచ్చేశాను. ఫోను చేసి చెబితే మా ఆయన ఒకే ప్రశ్న అడిగాడు.

"అక్కడ మనుషులకి బట్టలు బిగుతవుతాయంటావా?"

"అన్ని చోట్లా అవుతాయి. నువ్వు ముందు మిషను సర్దు" అన్నాను.

అతని భయం నాకు అర్థం కాలేదని కాదు. అర్థం చేసుకునే ఓపిక లేదు. నాలుగో అంతస్తులో మూడు గదులు, అన్ని కుళాయిల్లోనూ ధారగా నీళ్లు, లిఫ్టు. బావగారికి ఫొటోలు పంపాను. ఆయన బదులివ్వలేదు. గెలిచాననుకున్నాను.

*

మొదటి వారం అందరం స్నానాలతో సంబరపడ్డాం. రెండో వారం తలుపు సందులోంచి ఒక ఉత్తరం వచ్చింది. మా ఇంట్లోంచి పగటిపూట యంత్రం చప్పుడు వస్తోందని, నివాస గృహాల్లో అది తగదని మర్యాదగా రాసి ఉంది. ఎవరు రాశారో పేరు లేదు. మా ఆయన మిషను కింద పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచాడు. రెండో ఉత్తరం వచ్చాక మిషనే మానేసి, చేత్తోనే కుట్టసాగాడు. కుట్టడానికి మాత్రం ఏముంది గనక. అక్కడ బట్ట బిగుతైతే కొత్తది కొనుక్కుంటారు. ఇంట్లో ఉన్న మా నలుగురి బట్టలూ విప్పి మళ్లీ కుట్టాడు.

అత్తయ్య రోజూ కిందికి దిగి చెట్టు కింద బెంచీ మీద కూర్చునేది. మూడో రోజు కాపలా అతను వచ్చి ఎంతో వినయంగా, "ఏం కావాలమ్మా?" అని అడిగాడు.

"ఎవరైనా కావాలి" అందట ఆవిడ.

అతను లిఫ్టు దాకా తోడొచ్చి ఎక్కించాడు. ఆ తర్వాత ఆవిడ లిఫ్టులోనే కిందికీ పైకీ తిరగడం మొదలుపెట్టింది. లిఫ్టులో అయితే మనిషి తప్పించుకోలేడు కదా అని. ఎక్కినవాళ్లు నవ్వేవారు, తలూపేవారు, ఫోను చూసుకుంటూ దిగిపోయేవారు. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. ఎవరూ ఆవిణ్ని ఒక్క మాట అనలేదు. అనలేదనే బాధ.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. నేను చీకటితోనే వెళ్లి సాయంత్రానికి వచ్చేదాన్ని. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే హాయిగా ఉందనుకునేదాన్ని. నా వృత్తిలో నిశ్శబ్దం అంటే ఆరోగ్యం. చప్పుడొచ్చిందంటే ఎక్కడో ఏదో పగిలిందని. ఆ లెక్కనే ఇంటికీ వేశాను. పదిహేడేళ్లు చెవితో బతికినదాన్ని, ఇంట్లో ఒక గొంతు రోజురోజుకీ తగ్గిపోతుంటే వినలేకపోయాను.

చెప్పింది గడుగ్గాయి. ఒక సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే పక్కన చేరింది.

"అమ్మా, నాన్నమ్మ రోజూ ఫోన్లో ఒకావిడతో పోట్లాడుతోంది. ఆవిడేమో తిరిగి ఏమీ అనదు. మళ్లీ మొదటినుంచి చెబుతుంది."

"ఎవరావిడ?"

"బస్సుల టైములు చెప్పే ఆవిడ."

లోపలి గదిలోకి తొంగిచూశాను. అత్తయ్య మంచం మీద కూర్చుని, ఫోను స్పీకరులో పెట్టుకుని, ఎదురుగా కాగితం పెట్టుకుంది. రికార్డు చేసిన గొంతు బస్సు నంబర్లు చదువుతోంది.

"కాదమ్మా. ఆదివారం ఆ బస్సు ఉండదు" అంటోంది అత్తయ్య. "ఉండదు అంటే వినవేం. సరే, చెప్పు. ఆ తర్వాతది చెప్పు."

ఆ గొంతు ఒకటి నొక్కమంది. అత్తయ్య నొక్కింది. మళ్లీ మొదలు.

ఆవిడ నన్ను చూసి ఫోను కట్టేసింది. దొరికిపోయినట్టు కాదు, కౌంటరు మూసినట్టు.

"రేపు నన్ను బస్టాండుకి తీసుకెళ్లు" అంది. "నాకూ గడుగ్గాయికీ టికెట్లు రాయించుకోవాలి."

"ఇంకా మూడు వారాలుందత్తయ్యా గడువు."

"గడువెందుకు. తెలిసిపోయాక."

"ఇంట్లో ఏం తక్కువైందో చెప్పండి. సరిచేస్తాను."

"ఏం తక్కువ కాలేదమ్మాయ్. నువ్వు మంచి ఇల్లే చూశావు. నాకే ఇందులో ఉండటం చేతకావడం లేదు."

తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. తప్పు తన మీద వేసుకుంది. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పాను. నీళ్లు ధారగా వచ్చాయి. ఎంత కోపం వచ్చిందో ఆ నీళ్లని చూస్తే. బావగారు గెలిచినా సహించేదాన్ని. ఆయన గెలవడానికి నేనే ఇల్లు వెతికిపెట్టాననేది మింగుడుపడలేదు.

*

మర్నాడు పొద్దున్నే ఆఫీసు వ్యాను వచ్చింది. పాతపేటలో ఒక సందులో మూడు రోజులుగా నీళ్లు లేవు, పంపు నుంచి బయల్దేరిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలియడం లేదు. బస్టాండూ అటువైపే. పావుగంటలో విని, జట్టుకు చోటు చూపించి, వీళ్లని దింపుదామనుకుని అత్తయ్యనీ పిల్లనీ ఎక్కించుకున్నాను. డ్రైవరు పక్కన మా ముసలి ఫిట్టరు, వెనక మేం ముగ్గురం.

సందు చివర వ్యాను ఆగీ ఆగగానే జనం చుట్టేశారు. ఎవరి చేతిలో చూసినా ఖాళీ బకెట్టే. నేను వాల్వు మూత తీసి మోకాళ్ల మీద కూర్చుని కడ్డీ పెట్టాను. పైపు మాట ఎలా ఉన్నా పైన పేట మొత్తం నా చెవిలోనే ఉంది. రేడియో ఒకటి పాడుతోంది. ఎవరో ఇనుము అరగదీస్తున్నారు. పిల్లలు బంతి గోడకేసి కొడుతున్నారు. ఇరవై మంది ఒకేసారి నాకే చెబుతున్నారు.

"కాస్త నిశ్శబ్దంగా ఉండండి, వినాలి" అన్నాను.

"మూడు రోజుల్నుంచి మేం చెబుతుంటే వినలేదు గానీ, ఇప్పుడు కర్ర చెవిలో పెట్టుకుంటే వినపడుద్దా మేడమ్?" అన్నాడు ఎదురు కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన. అందరూ ఘొల్లున నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఫిట్టరు నా చెవి దగ్గర వంగి, "పోదాం మేడమ్. రేపు తెల్లారేసరికి వద్దాం. ఈ గోలలో ఎవరి వల్లా కాదు" అన్నాడు. అంటే ఇంకో రోజు నీళ్లుండవు. నేను మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అదే గోల. అరిచాను. నా అరుపు కూడా ఆ గోలలో కలిసిపోయింది.

అప్పుడు వ్యాను తలుపు చప్పుడైంది. అత్తయ్య దిగింది. మూడు వారాలుగా లిఫ్టులో తలూపించుకున్న మనిషి నేరుగా వచ్చి సందు మధ్యలో నిలబడింది.

"తాళాలాయనా, ఆ రేడియో ఆపు" అంది.

గట్టిగా కూడా అనలేదు. ముప్ఫై ఏళ్లు అద్దం అవతలికి వినిపించిన గొంతు అది. పండగ రద్దీల్లో, ఆలస్యమైన బస్సుల ముందు, తోసుకునే జనంలో నలిగి నలిగి తేరిన గొంతు. తాళాలాయన రేడియో ఆపాడు.

"అమ్మా, ఎర్రచీర, నువ్వూ. బంతి చంకలో పెట్టుకోరా నాయనా. మీ అందరి మాటా నేను వింటాను. ఒక్కొక్కరిదీ, వరసగా, చివరిదాకా వింటాను. అప్పటిదాకా ఎక్కడికీ పోను. కానీ ఐదు నిమిషాలు ఆగండి. ఇప్పుడు మా కోడలు వింటుంది."

ఆ సందు ఆగింది. అలా ఆగగలదని ఆ సందుకే తెలియదనుకుంటాను. బకెట్లు కూడా నేల మీద పెట్టేశారు, చప్పుడు కాకుండా. నేను కడ్డీకి చెవి ఆనించాను. ఈ వాల్వు, తర్వాతది, ఆ తర్వాతది. నాలుగో దాని దగ్గర దొరికింది. లోతున, కుడివైపుకి, పళ్ల సందుల్లోంచి గాలి పీల్చినట్టు. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి సుద్దతో గుర్తు పెట్టాను. సరిగ్గా తాళాలాయన కొట్టు గడప కింద.

"ఇక్కడ తవ్వండి" అన్నాను.

తాళాలాయన గడప వైపూ నా వైపూ చూశాడు. "కింద ఇంత నీరు పెట్టుకుని పైన దాహమేసి చస్తున్నానా నేను" అన్నాడు. ఈసారి నేనూ నవ్వాను.

జట్టు వచ్చి తవ్వి జాయింటు బిగించేసరికి పదకొండు దాటింది. అప్పటికి అత్తయ్యకు ఎవరో స్టూలు వేశారు. ఎదురుగా వరస కట్టారు. ఒకరు నీళ్ల గురించి చెబుతున్నారు, ఒకరు పెన్షను కాగితం గురించి, ఒకావిడ కోడలి గురించి. ఆవిడ ఒకరి మాట ఒకరు తొక్కకుండా చూస్తూ, మధ్యలో విసుక్కుంటూ, వాళ్ల విసుగునీ భరిస్తూ ఉంది. గడుగ్గాయి బంతి పిల్లలతో కలిసిపోయింది.

"అత్తయ్యా, బస్టాండు" అన్నాను.

"ఇప్పుడెళ్తే భోజనానికి మూసేస్తారు. నాకు తెలియదా" అంది. ఆ తర్వాత తలెత్తి తాళాలాయన కొట్టు మీది మేడ వైపు చూసింది. కిటికీకి 'అద్దెకు' అని అట్టముక్క కట్టి ఉంది.

"ఆ పైన వంటిల్లు ఎటుంటుందయ్యా?" అని ఆయన్ని అడిగింది.

ఆ రోజు మేం బస్టాండుకు వెళ్లలేదు.

*

మేం ఇల్లు మారుతున్నామని తెలియగానే ఇంజనీరుగారు పిలిపించారు.

"మీకు చెప్పానమ్మా అటు పోవద్దని."

"చెప్పారు సార్."

"రేపటినుంచి ఆఫీసు మీ గుమ్మంలోనే ఉంటుంది. అదలా ఉంచండి. ఆ పేట పైపులు మార్చాలని మీరు రిపోర్టు రాశారు. ఏటా వాయిదా వేస్తున్న పని అది. అక్కడి జనం నీళ్లు వృథా చేస్తారని ఫైల్లో ఉంది. ఇప్పుడు మీరు అక్కడే ఉంటూ రాశారంటే పక్షపాతం అంటారు."

"అక్కడ ఉండనివాళ్లు రాసినవన్నీ చదివాను సార్. అవి తప్పు. ఇరవై వాల్వులకి పదిహేడు కారుతుంటే వృథా చేస్తున్నది జనం కాదు, మనం."

ఆయన కాసేపు పెన్ను తిప్పారు. "ఈ కొత్త పోస్టులో మీరింకా ప్రొబేషనులో ఉన్నారు" అన్నారు.

"ఉన్నాను సార్. ఉండేది కూడా పాతపేటలోనే."

నా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. పొడిగించుకోమనండి. నా రిపోర్టు నేను వెనక్కి తీసుకోలేదు. ప్రతి వాల్వు దగ్గరా విన్నది విన్నట్టు రాసి, ఒక్కో వారం ఒక్కో కాగితం చొప్పున ఆయన బల్ల మీద పెడుతూ వచ్చాను.

ఆయన చెప్పినవన్నీ జరిగాయి, అది కూడా ఒప్పుకోవాలి. మేం దిగిన రోజే మెట్ల మీద ఆరు బకెట్లు కనిపించాయి. గడప కింద లీకు మూసినా మేడ మీదికి నీళ్లెక్కే బలం ఆ పాత పైపులకి లేదు. నీళ్లాఫీసు ఆవిడ కూడా కింద కుళాయి దగ్గర నిలబడి మోసుకుపోతోందని చూడ్డానికి రెండు సందుల అవతలి నుంచి జనం వచ్చారు. నా ముఖం మీదే అడిగారు, తిట్టారు, వెటకారాలాడారు. నేనూ ఊరుకోలేదు. రోజుకు ఒకళ్లతోనైనా గొడవ. రాత్రికి గొంతు బొంగురుపోయేది. కానీ ఆ ఇంటికి వచ్చినప్పుడు నాకు కింద నుంచే మా ఆయన మిషను చప్పుడు వినిపించేది. జిప్పులు పోయినవీ, మోకాళ్లు చిరిగినవీ, అన్న బట్ట తమ్ముడికి తగ్గించాల్సినవీ అతని ముందు గుట్టగా ఉండేవి. ఒక రోజు మెట్లెక్కుతుంటే అతను ఎవరితోనో గట్టిగా బేరమాడటం వినపడింది. పెళ్లయిన పన్నెండేళ్లలో అతని గొంతు అంత పైకి లేవగా నేను వినలేదు. మెట్ల మీదే ఆగి పూర్తిగా విన్నాను.

అత్తయ్య మాత్రం ఏమీ చెప్పలేదు. ఉంటాననీ అనలేదు, వెళ్తాననీ అనలేదు. మోకాళ్లు నొప్పని మెట్లని తిట్టేది, తాళాలాయనని తిట్టేది, నీళ్లని తిట్టేది, అందులో నన్నూ కలిపి తిట్టేది. ఆవిడ సంచీ మాత్రం సర్దింది సర్దినట్టే మంచం కింద ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు లోపల గుబులుగా ఉండేది. గట్టిగా అడిగే ధైర్యం చాల్లేదు. ఇంజనీరుగారితో అంత మాట్లాడినదాన్ని ఆవిణ్ని ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

*

బడులు తెరిచే ముందురోజు బావగారు వ్యాను కట్టించుకుని వచ్చారు. ఫోనైనా చేయలేదు. మెట్లన్నీ ఎక్కి ఆయాసపడుతూ లోపలికి వచ్చి, గుమ్మం దగ్గర వరసగా పెట్టిన బకెట్లని చూశారు. వాటిని చూశాక ఆయాసం తగ్గినట్టుంది, ముఖం విచ్చుకుంది.

"నీళ్లాఫీసులో పెద్ద ఉద్యోగం. ఇంట్లో మాత్రం చుక్క నీరు పైకెక్కదు" అన్నారు.

"ఎక్కుతుంది బావగారూ. టైం పడుతుంది."

"ఆ పాత ఇంట్లో ఏం తక్కువైందని? లిఫ్టు, గేటు, అన్నీ ఉన్నాయి కదా. ఫొటోలు పంపావుగా. మొండితనానికి కూడా ఒక హద్దుంటుందమ్మా." ఆయన లోపలికి తిరిగారు. "అమ్మా, బయల్దేరు. పిల్ల బట్టలేవి?"

గడుగ్గాయి వచ్చి నా వెనక నిలబడి నా చీర పట్టుకుంది. మా ఆయన మిషను ఆపాడు. ఆపి, తలెత్తి అన్నగారి వైపు చూశాడు. తల మళ్లీ దించలేదు.

అత్తయ్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కూర్చో. ఎండన పడి వచ్చావు" అంది.

"కూర్చోవడానికి రాలేదు. నువ్వేగా అన్నావు, పడకపోతే నేనే చెబుతానని. చెప్పు. నీకు ఇక్కడ పడిందా?"

"పడలేదు" అంది అత్తయ్య.

నేను మంచం కింది సంచీ వైపు చూశాను.

"నీళ్లు రావు. మెట్లు ఎక్కువ. కింద ఉన్నాయన నోరు మంచిది కాదు, నాది అంతకంటే మంచిది కాదు. పొద్దున లేస్తే ఏదో ఒక రభస" అంది ఆవిడ, ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెడుతూ. "ఇవన్నీ నా కోడలితో నేను తేల్చుకోవాల్సినవి. నీతో కాదు. ఈ ఇల్లు పట్టింది అది. మమ్మల్నందర్నీ మోసుకొచ్చింది అది. నన్ను తీసుకుపోవాలంటే నన్ను కాదు అడగాల్సింది. దాన్ని అడుగు."

బావగారు అటు తిరిగి, ఇటు తిరిగి, చివరకు నా వైపు తిరిగారు. ఈ పన్నెండేళ్లలో ఆయన నాకు చాలా చెప్పారు. ఏ ఊళ్లో ఉండాలో, ఏ పని మానాలో, పిల్లని ఎవరు పెంచాలో, అన్నీ చెప్పారు. ఏదీ అడగలేదు. అడగడం ఆయనకు నిజంగానే రాదేమో, కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. గదిలో ఎవరూ ఆయనకి సాయం రాలేదు.

"ఏమంటావమ్మా, పంపుతావా?" అని అడిగారు.

ఆ ఒక్క మాట కోసం వేసవి అంతా నేను జవాబులు కూడబెట్టుకున్నాను. బస్సుల్లో, మెట్ల మీద, బకెట్లు మోస్తూ, ఆయనతో మనసులోనే ఎన్ని వాదనలు చేశానో. ఒక్కటీ గుర్తు రాలేదు. రావాల్సిన అవసరం కూడా కనపడలేదు.

"పంపను బావగారూ" అన్నాను.

ఆయన టీ తాగి, ఊడిపోయిన చొక్కా గుండీ తమ్ముడి చేత కుట్టించుకుని, ఖాళీ వ్యానులో వెళ్లిపోయారు.